నాలుగు పేర్ల ఉత్తరం

ఫలితాలు వచ్చిన రోజు నుంచి భానుమూర్తి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. పార్టీ ఓడిపోవడం ఇది మూడోసారి. మొదటిసారి ఓడినప్పుడు అవతలివాళ్ల డబ్బు గెలిచిందన్నారు. రెండోసారి పొత్తు ముంచిందన్నారు. ఈసారి ఏమనాలో ఎవరికీ తోచలేదు. వచ్చినవి ఏడే సీట్లు. అందరూ పెద్దసారు అని పిలుచుకునే పార్టీ అధ్యక్షుడు సొంత నియోజకవర్గంలోనే మూడో స్థానానికి పడిపోయాడు.

భానుమూర్తిది కరీంనగర్. బహ్రెయిన్ వచ్చి ఇరవై రెండేళ్లయింది. తుబ్లీలోని ఒక నిర్మాణ కంపెనీలో ప్లాను చూసి ఖర్చు లెక్కగట్టే ఎస్టిమేటరు. పార్టీ బహ్రెయిన్ విభాగానికి పదకొండేళ్లుగా అతనే కన్వీనరు. సెలవు మీద హైదరాబాదు వెళ్లి పార్టీ ఆఫీసులో అడుగుపెడితే పెద్దసారు గుంపులో నుంచే చూసి "ఏం మూర్తీ!" అంటాడు. ఆ మాట విన్న రోజున భానుమూర్తికి అన్నం కూడా రుచిగా ఉంటుంది.

మంగళవారం హరికిరణ్ వాట్సాప్ గ్రూపులో ఒక ఉత్తరం పెట్టాడు. అతను మనామాలో ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ చూసుకుంటాడు, విభాగంలో అందరికంటే చురుకైనవాడు. "మూడు ఓటములకు బాధ్యత వహించి అధ్యక్షుడు తప్పుకోవాలి. కొత్త నాయకత్వం రావాలి" అని ఉంది అందులో. ఒప్పుకున్నవాళ్లు కింద తమ పేరు చేర్చాలి. బుధవారం సాయంత్రానికి ఇరవై మూడు పేర్లు చేరాయి.

"మీ పేరు లేకపోతే దీన్ని అక్కడ ఎవరూ చదవరు సార్" అన్నాడు హరికిరణ్ ఫోనులో. "మీరంటే పెద్దసారుకు గౌరవం. మీరు చేరిస్తేనే దీనికి విలువ."

ఆ ఫోను పెట్టేసిన పావుగంటకే హైదరాబాదు నుంచి ఇంకో ఫోను. పార్టీ ఆఫీసు కార్యదర్శి రామ్‌ప్రసాద్.

"మూర్తిగారూ, శనివారం రాష్ట్ర కార్యవర్గం ఉంది. పెద్దసారు నాయకత్వం మీద నమ్మకం ఉందని అన్ని దేశాల నుంచీ తీర్మానాలు వచ్చేశాయి. మీదొక్కటే రావాలి."

"మావాళ్లతో మాట్లాడి పంపుతా."

"మాట్లాడడానికేముందండీ? మీరు కన్వీనరు. రెండు ముక్కలు రాసి పంపండి."

భానుమూర్తి ఆ రెండు ముక్కలూ రాశాడు. పంపలేదు. హరికిరణ్ ఉత్తరం తెరిచి తన పేరు టైపు చేశాడు. చెరిపేశాడు. హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతుంటే భార్య విజయలక్ష్మి టీవీ కట్టేసింది. ఆమె ఇక్కడే ఒక భారతీయ స్కూల్లో లెక్కలు చెబుతుంది.

"కూసోండి జర. చూసేటోళ్లకు తల తిరుగుతుంది."

"పెద్దసారుకు వ్యతిరేకంగా పేరెట్ల పెట్టుడు? నన్ను పేరు పెట్టి పిలుస్తడు ఆయన."

"పదకొండేండ్ల నుంచి గదే చెప్తున్నరు. పిలిచినంక మిమ్మల్ని ఏమన్న అడిగిండా ఎన్నడన్న?"

భానుమూర్తి తాళంచెవి అందుకున్నాడు. కూరగాయలు తెస్తానని కారు తీసుకుని జిదాఫ్స్ మార్కెట్‌కు వెళ్లాడు. బీరకాయలు చెప్పి పంపితే కొత్తిమీర ఒక్కటే తీసుకుని వచ్చాడు.

గురువారం పని అయిపోయాక అతను కంపెనీ యార్డులోకి వెళ్లాడు. అక్కడ పరంజాలు కట్టే ముఠాకు ముత్యం మేస్త్రీ. జగిత్యాల దగ్గర పల్లె. రెండేళ్లకొకసారి వచ్చే సెలవును ఈసారి ఎన్నికల కోసమే వాడుకున్నాడు. పార్టీ అంటే ప్రాణమిచ్చే మనిషి కాబట్టి, అతని నోట పెద్దసారు గురించి ఒక మంచి మాట వింటే రాసిపెట్టుకున్న తీర్మానం పంపేయవచ్చని భానుమూర్తి ఆశ.

ఇనుప పైపుల నీడలో కూర్చుని ముత్యం బూట్లు విప్పుతున్నాడు. పెద్దసారు గురించి ఊళ్లో ఏమనుకుంటున్నారని భానుమూర్తి అడిగాడు.

"నలభై రోజులు తిరిగిన సారూ. మా మండలంల నేను పోని వాడ లేదు. ఏ ఇంటికి పోయినా ఒక్కటే అడిగిన్రు. పోయినసారి ఓడిపోయినంక మీ పెద్దసారు మా దిక్కు ఎన్నడన్న వచ్చిండా అని. ఏం చెప్పాలె నేను? ఆఖరి రోజు వచ్చిండు. డప్పులు పట్టుకొని మేం పొద్దటి సంది ఎండల నిలబడ్డం. కారు అద్దం దించిండు, చెయ్యి ఊపిండు, పోయిండు."

"మరి ఉత్తరం కింద నీ పేరు గూడ..."

"పెట్టిన. నాకాయన మీద కోపం లేదు సారూ. గని ఆయన పేరు చెప్పుకుంట మల్ల గా ఇండ్లకు పోలేను. సిగ్గయితది."

ఆ రాత్రి భానుమూర్తికి సరిగా నిద్ర పట్టలేదు. శుక్రవారం పొద్దున టిఫిను అయ్యాక నేరుగా పెద్దసారుకే ఫోను చేశాడు. పదకొండేళ్లలో తానుగా ఆయనకు ఫోను చేయడం అదే మొదలు. నాలుగో రింగుకు ఎత్తాడు.

"ఏం మూర్తీ! ఎండలెట్లున్నయ్ అక్కడ?"

"బాగనే కొడుతున్నయ్ సార్. ఒక మాట అడుగుదామని. మనం ఎందుకు ఓడిపోయినమో ఊళ్లల్ల మన కార్యకర్తలను పిలిచి అడిగితే బాగుంటదేమో సార్."

అవతల ఎవరితోనో ఏదో అని ఆయన మళ్లీ లైన్లోకి వచ్చాడు. "సర్వేలు చేయించినం గద మూర్తీ. అన్నీ మనకే వచ్చినయ్. జనమే మోసం చేసిన్రు."

"జనమా సార్?"

"రామ్‌ప్రసాద్ చెప్పిండు, తీర్మానం పంపుతున్నవట. సంతోషం. ఉంట మరి."

భానుమూర్తి ఫోను చేతిలో పట్టుకుని బాల్కనీలో నిలబడ్డాడు. విజయలక్ష్మి వచ్చి పక్కన నిలబడింది. అతను ఉత్తరం తెరిచి, ఇరవై మూడు పేర్ల కింద తన పేరు, ఊరు, కన్వీనరు అని హోదా కూడా రాసి పంపాడు. రేపు కార్యవర్గం మొదలయ్యే లోపు దీన్ని పార్టీ ఆఫీసుకు మెయిల్ చేస్తానని గ్రూపులో చెప్పాడు. మనసు తేలికపడుతుందనుకున్నాడు. అయినా ఫోను జేబులో పెట్టి, వెంటనే మళ్లీ తీసి చూశాడు.

సాయంత్రానికి గ్రూపులో పార్టీ గుర్తు ఉన్న కాగితం ఒకటి ప్రత్యక్షమైంది. కింద రామ్‌ప్రసాద్ సంతకం. భానుమూర్తిని కన్వీనరు పదవి నుంచి తప్పించామనీ, హరికిరణ్‌ను నియమించామనీ, హరికిరణ్ పంపిన విశ్వాస తీర్మానం అందిందనీ అందులో ఉంది. చివరి వాక్యాన్ని భానుమూర్తి మూడుసార్లు చదివాడు.

అరగంట తరువాత హరికిరణే ఫోను చేశాడు.

"సార్, నన్ను తప్పుగా అనుకోకండి. రామ్‌ప్రసాద్ గారే అడిగారు. లోపల ఉంటేనే కదా ఏదైనా మార్చగలం."

"ఉత్తరం రాసింది నువ్వే గద కిరణ్."

"రాశాను సార్. అప్పటి పరిస్థితి వేరు."

"అప్పుడంటే మంగళవారం."

హరికిరణ్ గ్రూపు అడ్మిన్ హోదా తనకు ఇవ్వాలని మెల్లగా అడిగాడు. భానుమూర్తి ఇచ్చేశాడు.

ఇక అక్కడి నుంచి పేర్లు రాలిపోయాయి. ఒకరు పొరపాటున పెట్టానన్నారు, ఒకరు ఇంట్లోవాళ్లు వద్దన్నారన్నారు, కొందరు ఏమీ అనకుండానే తీసేసుకున్నారు. శనివారం పొద్దుటికి మిగిలినవి నాలుగు. తన పేరు కాక, ముహర్రక్‌లో నర్సుగా పనిచేసే నిస్సీ, డ్రైవరు ఎలియేజరు, ముత్యం. ముగ్గురికీ తనే ఫోను చేశాడు. తీసేసుకోవాలంటే ఇప్పుడే చెప్పమన్నాడు. డ్యూటీలో ఉన్నాననీ, ఉంచమనీ చెప్పి నిస్సీ పెట్టేసింది. ఎలియేజరు నవ్వి, "నాకున్న పదవి ఏముంది సార్ ఊడడానికి?" అన్నాడు.

ముత్యానికి మాత్రం కోపం వచ్చింది. "తెల్వక పెట్టిన్నా సారూ? ఉండనీయి."

భానుమూర్తి నాలుగు పేర్లతో ఉత్తరం పంపేశాడు. కార్యవర్గంలో దాన్ని ఎవరూ చదవలేదు. పెద్దసారే కొనసాగాలని ఏకగ్రీవంగా తీర్మానించినట్టు సాయంత్రం టీవీలో వచ్చింది. పూలదండలో నుంచి ఆయన చెయ్యి ఊపుతున్నాడు. విజయలక్ష్మి రిమోటు అందుకోబోతే "ఉండనీ" అన్నాడు భానుమూర్తి. వార్త చివరి దాకా చూశాడు.

ఆదివారం ఆఫీసులో ఒక విల్లా ప్లాను ముందు పెట్టుకుని తలుపులు లెక్కపెడుతున్నాడు. ఒకసారి పద్నాలుగు వచ్చాయి, ఇంకోసారి పదహారు. అప్పుడు ఇండియా నంబరు నుంచి ఫోను వచ్చింది. పెద్ద వయసు ఆడ గొంతు.

"ఉత్తరం పంపిన సారువు నువ్వేనా? నేను చంద్రవ్వను. ముత్యం వాళ్ల ఊరే. పార్టీ పుట్టినకాంచి జెండా మోస్తున్న. పోరడు ఫోన్ల పంపితే సదివిచ్చుకున్న."

"నేనే అమ్మా. దాన్ని వాళ్లు పక్కన పడేసిన్రు."

"పడేస్తే పడేసిన్రు. ఇక్కడ నాలుగూళ్ల మేం సదువుకున్నం. గని ఒక్కటి అడుగుత. ఆయన దిగాలె అని రాసినవు. బాగుంది. ఆయన జాగల ఎవలు కూసోవాలె? ఒక్క పేరన్న రాయకపోతివి. గట్లెట్ల సారూ?"

భానుమూర్తి పెన్సిలు కింద పెట్టాడు. మంగళవారం నుంచి శనివారం దాకా పెద్దసారు దిగాలా వద్దా అనే ఆలోచనే తప్ప, ఆ ప్రశ్న అతనికి ఒక్కసారీ రాలేదు. ఇరవై నాలుగు మందిలో ఎవరికీ రాలేదు.

"నువ్వు చెప్పమ్మా. ఎవరున్నరు?"

"ఇద్దరున్నరు మా దిక్కు. ఒకామె సర్పంచి. ఓడినా గెల్సినా ఇంటింటికి పోతది. రాసుకుంటున్నవా?"

"ఒక్క నిమిషం" అంటూ భానుమూర్తి ప్లాను పక్కకు జరిపి, తెల్ల కాగితం కోసం సొరుగు లాగాడు.