అక్కకి ఈ ఏటి సినిమా

ఈ ఏడాది మీకు బాగా నచ్చిన పుస్తకం ఏది, సినిమా ఏది అని ఎవరైనా సరదాకి అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళకి అది కాలక్షేపం. నాకు పరీక్ష.

మా అక్క బేకరీలో పిండి పిసుకుతుంది. తెల్లవారకముందే వెళ్తుంది, పొద్దుపోయాక వస్తుంది. ఏడాది చివర ఓవెన్ మరమ్మతుకని వారం రోజులు బేకరీ మూస్తారు. ఆ వారంలో అక్క ఒక పుస్తకం చదువుతుంది, ఒక సినిమా చూస్తుంది. మిగతా ఏడాదంతా వాటినే తలుచుకుంటూ పని చేసుకుంటుంది. కిందటేడు చూసిన సినిమాలో ముసలాయన తోటలో పాడిన పాటని మొన్న మొన్నటిదాకా కూనిరాగం తీస్తూనే ఉంది. ఆ రెండూ ఏరిపెట్టాల్సింది నేను. "చదివేదానివి నువ్వు, నీకే తెలుస్తుంది" అని ఎప్పుడో అంది, ఆ పని నా మెడకి చుట్టుకుంది. నేను తప్పు ఏరితే ఏడాదంతా ఆ చెత్తే తనకి దిక్కు. అక్క ఒక్క మాట అనదు, అది ఇంకా కష్టం.

ఈ ఏడాది పుస్తకాలు నా ప్రాణం తీశాయి. అందరూ ఆకాశానికెత్తారని ఒక లావుపాటి నవల తెచ్చాను. గడియారాలు బాగుచేసే ఒకాయన, ఆయన ముగ్గురు చెల్లెళ్ళు, ఎంత చక్కటి వాక్యాలో. తిండి మానుకుని చదివితే చివరి అధ్యాయంలో అదంతా కలట! పుస్తకాన్ని గోడకేసి కొట్టాను. లైబ్రరీది కాబట్టి మళ్ళీ తీసి తుడిచాను. ఇంకో నవలలో ఆవిడ ఎంతకీ కిటికీ దగ్గర నుంచి కదలదు. మరొకదాంట్లో రచయిత తనకి తెలిసినవన్నీ మనకి చెప్పి తీరాలనుకున్నాడే తప్ప కథ ఊసే లేదు.

"నీకేదీ నచ్చదు. నేనెలా నచ్చానో ఏంటో" అన్నారు మా ఆయన.

"మిమ్మల్నింకా చివరి అధ్యాయం దాకా చదవలేదు" అన్నాను.

సినిమాల సంగతి ఇంకా ఘోరం. నిజానికి నా ఉద్యోగమే సినిమాలు. వేరే భాషల సినిమాలకి తెర కింద తెలుగు మాటలు రాసే ఆఫీసులో పనిచేస్తాను. విన్నవాళ్ళంతా నీ అంత అదృష్టవంతురాలు లేదంటారు. అక్కడి పద్ధతి వాళ్ళకేం తెలుసు? విడుదలకి ముందే కథ బయటికి పొక్కకూడదని సినిమాని ముక్కలు చేసి, ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. పక్కవాళ్ళ ముక్కలో ఏముందో అడగకూడదు. అలా ఈ ఏడాది ఎన్నో సినిమాల నడుములు చూశాను. దేనికీ తల చూడలేదు, తోక చూడలేదు. ఒకడు ఎందుకు ఏడుస్తున్నాడో తెలియకుండానే వాడి ఏడుపుని తెలుగులో రాశాను.

అలాంటి ముక్కల్లో ఒకటి నన్ను పట్టేసింది. ఇరవై నిమిషాలు ఉంటుందేమో. పెద్ద బస్టాండు, జనం లేరు. ఒకావిడ నేల తుడుస్తూ ఉంటుంది. కూతురు వచ్చి కాసేపు కూర్చో అంటుంది. ఆవిడ తుడుస్తూనే జవాబు చెబుతుంది. అంతే. కానీ ఆవిడ బకెట్‌ని కాలితో జరుపుకునే తీరు, తడి నేల మీద కాలు పెట్టకుండా కూతురు ఆగిపోయిన తీరు చూడ్డానికి ఆ ముక్కని పదే పదే వెనక్కి తిప్పాను. అసలు భాషలో ఆవిడ అన్నది "నేనేం అలసిపోలేదు" అని. అది నాకు చప్పగా అనిపించింది. "కూర్చుంటే మళ్ళీ లేవాలి కదే" అని రాశాను.

మా సూపర్‌వైజర్‌ని మేమంతా కత్తెర అంటాం. ఏ వాక్యం కనబడినా సగం కోసేస్తాడు.

"ఇదెక్కడిదమ్మా? అందులో లేదుగా" అన్నాడు.

"ఆవిడ మొహంలో ఉందండీ."

"మొహాలకి కాదమ్మా, మాటలకి రాయమన్నాం."

పొద్దంతా వాదించాను. చివరికి అతనికే విసుగొచ్చింది. "సరే, నీ ఇష్టం. తిడితే నిన్నే తిడతారు" అని వదిలేశాడు.

ఆ రోజే తీర్మానించుకున్నాను, అక్కకి ఈ ఏటి సినిమా ఇదేనని. నడుమే ఇంత బాగుంటే తలా తోకా ఇంకెంత బాగుంటాయో! ఇలాంటి బుర్రతక్కువ లెక్క మా ఆఫీసువాళ్ళు తప్ప ఎవరూ వేయరు.

ఏడాది చివరికొచ్చింది, బేకరీ మూశారు. పుస్తకం ఏదో తేల్చుకోలేక మూడు తెచ్చి అక్క ముందు పెట్టాను. అక్క ఒకటి తెరిచి, రెండు పేజీలు చదివి మూసేసింది. మూడింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి తల కింద పెట్టుకుంది. "ఎత్తు బాగా సరిపోయిందే" అంది. ఇక మిగిలింది సినిమా. అదీ బాగోకపోతే ఈ ఏడాది మొత్తానికి నేను అక్కకి ఇచ్చింది ఒక తలగడ.

పోస్టరైనా చూడకుండా మధ్యాహ్నం ఆటకి వెళ్ళాం. మొదలైన కాసేపటికే నాకు చెమటలు పట్టాయి. అది వజ్రాల దొంగల సినిమా! కార్లు గాల్లోకి లేస్తున్నాయి. హీరో నల్ల కళ్ళద్దాలు పెట్టుకునే నిద్రపోతున్నాడు. చెత్త, శుద్ధ చెత్త. పక్కకి తిరిగి చూస్తే అక్క నిద్రపోతోంది. అన్ని పేలుళ్ళ మధ్యన, నోరు కొంచెం తెరుచుకుని, మెడ వాల్చేసి. ఈ వారం కోసం ఏడాదంతా ఎదురుచూసిన మనిషి. నా మీద నాకే ఎంత కోపం వచ్చిందంటే, నన్ను నేను లాగి ఒక్కటిచ్చుకుందామనిపించింది.

అంతలో బస్టాండు వచ్చింది. ఆ కూతురు దొంగల ముఠాలో మనిషట. పోలీసులని తప్పించుకుని తల్లి పనిచేసే చోటికి వచ్చిందట. ఆ ముక్క రాసిన నాకు ఆ సంగతి ఇప్పుడు తెలిసింది. అక్కని కుదిపి లేపాను.

"అక్కా, చూడు. నేను చెప్పింది ఇదే."

అక్క కళ్ళు నులుముకుని చూసింది. బకెట్ జరిగింది. తడి నేల ముందు కూతురు ఆగింది. తెర కింద నా వాక్యం పడింది. అక్క పకపకా నవ్వింది. ముందు వరసలో ఎవరో వెనక్కి తిరిగి చూశారు. తర్వాత అక్క నవ్వు ఆగిపోయింది.

"ఇది నా మాట కదే" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత సిగ్గేసింది. బేకరీ నుంచి వచ్చి, చెమట కూడా తుడుచుకోకుండా గిన్నెలు ముందేసుకున్నప్పుడు, కాసేపు కూర్చోవచ్చు కదా అని నేను అన్నప్పుడల్లా అక్క అనే మాట అది. విని విని, వినడమే మానేశాను. కత్తెరతో అంత పోట్లాడినప్పుడు కూడా అది నా బుర్రలో పుట్టిందనే అనుకున్నాను.

"ఆవిడ తర్వాతైనా కూర్చుంటుందా?" అని అడిగింది అక్క.

"తెలీదు. నా ముక్క ఇక్కడితో అయిపోయింది."

ఆ తర్వాత అక్క రెప్ప వేయలేదు. సీటు అంచుకి జరిగి చివరిదాకా చూసింది. కార్లు పేలాయి, వజ్రాలు దొరికాయి, హీరో పడవెక్కాడు, కూతురూ ఎక్కింది. తల్లి మళ్ళీ కనబడలేదు. హాల్లో లైట్లు వెలిగాయి.

"అంతేనా?" అంది అక్క.

"అంతే."

"ఆవిడని అలా నిలబెట్టి వదిలేశారా?"

"వదిలేశారు."

"వాళ్ళ మొహం మండ! అన్నేసి కార్లు తగలబెట్టారు, ఆవిడకో కుర్చీ వేయలేకపోయారా?"

నేను చూపించిన సినిమాని అక్క తిట్టడం అదే మొదలు. మెట్లు దిగుతూ తిట్టింది, రోడ్డు దాటుతూ తిట్టింది. నాకూ వాళ్ళని తిట్టాలనే ఉంది. కానీ నన్ను నేను తిట్టుకోవడమే ఇంకా అవ్వలేదు.

బస్‌స్టాప్‌లో బెంచీ ఖాళీగా ఉంది. "కూర్చో అక్కా" అన్నాను అలవాటుకొద్దీ.

"కూర్చుంటే మళ్ళీ..." అని ఆగిపోయింది. నేనేదో అన్నట్టు నా వైపు గుర్రుగా చూసింది. తర్వాత చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కాసేపటికి మా బస్సు వచ్చింది. ఆపడానికి నేను చెయ్యెత్తబోతుంటే అక్క నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

"పోనీయవే" అంది. "ఇప్పుడే కదా కూర్చున్నాను."