చావు దక్కని యువరాజు

కొత్తకోడలు ప్రతి ఆటకీ ముందు మొగుణ్ణి స్వహస్తాలతో దయ్యాన్ని చేసేది.

అతన్ని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, కళ్లు మూయించి, మొహమంతా తెల్లపొడి అద్దేది. పొడి ముక్కులోకి పోగానే అతను తుమ్మేవాడు. పైకప్పు అద్దంలోంచి పడే మధ్యాహ్నపు ఎండలో పొడి లేచి ఇద్దరి చుట్టూ మెల్లగా తిరిగేది. ఆ మబ్బులో ఒకళ్లకొకళ్లు కనబడక నవ్వుకునేవాళ్లు.

"కదలకు దయ్యమా! చెవులు ఇంకా బతికే ఉన్నాయి."

"చెవులు వదిలెయ్. నీ గాజుల చప్పుడు వినడానికి ఉండనీ."

పెళ్లయిన కొత్త. చచ్చి దయ్యమైన మొగుడు కూడా ముద్దొచ్చే రోజులు.

అత్తింటివాళ్లది నాటకాల కంపెనీ. అందులో అన్నిటికన్నా పేరున్న నాటకాన్ని మామగారి తండ్రి, పాత ఇంగ్లీషు విషాదనాటకాల ఒరవడిలో రాశాడు. న్యాయమూర్తి కొడుకుని యువరాజు చంపిస్తాడు. తండ్రి పిచ్చివాడిలా నటిస్తూ అదను కోసం కాచుకుని, చివరి అంకంలో నిండుసభలో యువరాజుని పొడుస్తాడు. చచ్చిన కొడుకు దయ్యమై స్తంభం పక్కన నిలబడి అంతా చూస్తాడు. న్యాయమూర్తి వేషం మామగారిది, యువరాజు వేషం ఆయన తమ్ముడు చిన్నమామగారిది. దయ్యం సంగతి చెప్పనే చెప్పాం. తెర లాగేదీ ఆ దయ్యమే.

కాలేజీలో ఇలాంటివి చదివినప్పుడు కోడలికి ఒకటే అనుమానం. పగబట్టినవాడు అన్ని అంకాలు ఆగడమెందుకు? మొదట్లోనే పొడిచేస్తే పోదా? మేష్టారిని అడిగితే, "అప్పుడు అందరం తొందరగా ఇంటికెళ్లిపోతాం కదమ్మా" అన్నారు. పొడిచేశాక పగబట్టినవాడికి బతకడానికి పని మిగలదని, అందుకే నానుస్తాడని ఆమెకి అత్తింట్లో అడుగుపెట్టాకే తెలిసింది.

ఎందుకంటే ఆ అన్నదమ్ములిద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు.

అప్పట్లో తమ్ముడు వేషం కట్టేవాడు కాదు. పక్కతెర చాటున పుస్తకం పట్టుకుని, మర్చిపోయినవాళ్లకి మాట అందించేవాడు. ఒకనాడు చివరి అంకంలో కత్తి ఎత్తిన అన్నకి నోట మాట రాలేదు. ఉన్నట్టుండి బుర్ర ఖాళీ అయిపోయింది. తమ్ముడివైపు చూశాడు. తమ్ముడు పెదవి కదపలేదు. వెనకవరసలో ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత హాలంతా నవ్వింది. తెర పడగానే అన్న తమ్ముణ్ణి కంపెనీ అందరి ముందూ "ద్రోహీ" అన్నాడు. తమ్ముడు చేతిలో పుస్తకం అక్కడే పెట్టేసి వెళ్లిపోయాడు.

ఇద్దరూ పౌరుషం గలవాళ్లే. కానీ ఒకే ఇంట్లో, ఒకే కంపెనీలో పలుకు లేకుండా పని ఎలా జరుగుతుంది? అందుకని సొంత మాటలు మానేసి నాటకంలో మాటలు వాడుకోవడం మొదలుపెట్టారు. పొద్దున్నే అన్న చెయ్యి చాచేవాడు.

"ఆ విషపాత్ర ఇటు తెమ్ము, యువరాజా!"

తమ్ముడు టీ గ్లాసు జరిపేవాడు. "తాగుము వృద్ధుడా! నీ కడపటి గుక్క ఇదే."

"చక్కెర వేశారా అని అడుగుతున్నారు" అని అత్తగారు కోడలికి అర్థం చెప్పేది. కాపురానికి వచ్చిన కొత్తలో కోడలు కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తేది.

ఇప్పుడు తమ్ముడు ఇంకో కంపెనీకి వెళ్లిపోతున్నాడు. ఆ మధ్యాహ్నం ఆటే ఆఖరు. యువరాజు చావు చూడ్డానికి హాలు కిటకిటలాడుతోంది. అంత అందంగా చచ్చేవాడు చుట్టుపక్కల ఎక్కడా లేడని పేరు.

రంగుల గదిలో కోడలు బీట్‌రూట్ రసంలో చక్కెర పాకం కలుపుతోంది. యువరాజు చొక్కా కింద కట్టే సన్నటి సంచిలోకి అదే నెత్తురు. మామగారు న్యాయమూర్తి అంగీలో గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మాయ్, ఇవాళ నెత్తురొద్దు."

"పాకం కుదిరింది కూడా మామగారూ!"

"పారబొయ్. ఇవాళ నేను పొడవను." ఆయన గొంతు చాలా మెత్తగా ఉంది. "కత్తి ఎత్తుతాను. ఎత్తి అలాగే ఉండిపోతాను. వాడు చావాలని వస్తాడు, చావు దక్కదు. నిలబడి గుటకలు మింగుతాడు. జనం నవ్వుతారు. ఆ నవ్వు ఎలా ఉంటుందో తెలుసుకుని మరీ పోనీ."

"మామగారూ, అలా పంపిస్తే చిన్నమామగారు ఇంక ఈ గుమ్మం తొక్కరండీ."

"ఎవరికీ చెప్పనని మాటివ్వు."

ఇచ్చింది. చెప్పనని ఇచ్చింది గానీ కలపనని ఇవ్వలేదు కదా. ఆయన వెళ్లగానే సంచి నిండా పోసి మూతి బిగించింది. కత్తి దిగకపోతే నెత్తురు దేనికో ఆమెకీ తెలీదు. ఉత్త గుండెతో చిన్నమామగారిని అక్కడికి పంపడానికి మనసొప్పలేదు, అంతే.

కట్టించుకుంటూ చిన్నమామగారు గుండె తడుముకున్నారు. "ఏంటమ్మాయ్, ఇవాళ ధారాళంగా పోశావ్?"

"ఆఖరాట కదండీ."

"అవునవును. అక్కడ నన్ను ఎవడో కుర్రకుంక పొడుస్తాట్ట. మీ మామగారిలా ఎవడు చంపుతాడు నన్ను?"

"అయితే వెళ్లకండి మరి!"

"ఉండమని ఒక్కమాట అంటేగా! మా నాన్న ఇంత నాటకం రాశాడు, ఆ ముక్క మాత్రం ఎక్కడా రాయలేదమ్మా."

చివరి అంకం వచ్చింది. పక్కతెర చాటునుంచి కోడలు తొంగిచూసింది. స్తంభం పక్కన తెల్లటి మొగుడు. మధ్యలో యువరాజు చేతులు చాచి, చావుకి సిద్ధంగా. న్యాయమూర్తి కత్తి ఎత్తాడు.

ఎత్తి, అలాగే ఉండిపోయాడు.

ఎక్కడా చప్పుడు లేదు. హాలు మొత్తం నీళ్లడుగుకి దిగిపోయినట్టుంది. దీపం వెలుగులో దుమ్ము రేణువులు నిదానంగా ఈదుతున్నాయి. ముందువరసలో ఒకావిడ విసనకర్ర సగంలో ఆగింది. పసిపిల్ల ఒకతి తల్లి ఒడిలోంచి లేచి నిలబడి, కళ్లు ఇంత చేసుకుని చూస్తోంది. మామగారు నవ్వు కోసం కాచుకున్నారు. నవ్వు రాలేదు. ఆ కత్తిమొన మీదే అందరి ప్రాణాలూ వేలాడుతున్నాయి.

ఆయన అప్పుడు తమ్ముడి మొహం చూశారు.

అక్కడ భయం లేదు, సిగ్గు లేదు. నోరు కాస్త తెరుచుకుంది. మొదటిసారి సముద్రం చూస్తున్న పిల్లాడిలా, వేషం మర్చిపోయి, తమ్ముడు అన్ననే చూస్తున్నాడు. ఆ రోజు పక్కతెర చాటునా ఇదే మొహం. వెక్కిరిస్తున్నాడనుకున్న మొహం.

మామగారి చేతిలోంచి కత్తి జారి కిందపడింది. రెండడుగులు వేసి తమ్ముణ్ణి గట్టిగా కావలించుకున్నారు. సంచి పగిలింది. ఇద్దరి మధ్యనుంచి ఎర్రగా పొంగి కాళ్లదాకా కారింది. హాలంతా ఒక్కసారి "అయ్యో" అంది. అన్నదమ్ములు మెల్లగా మోకాళ్ల మీదికి జారారు.

తెర పక్కనే ఉన్న కోడలికి గుసగుసలు వినిపిస్తున్నాయి.

"ఒరేయ్, ఆ రోజు పుస్తకం పట్టుకుని మాట ఎందుకు అందించలేదురా?"

"నువ్వు మర్చిపోయావనుకోలేదన్నయ్యా. కావాలనే ఆగావనుకున్నా. అంత గొప్పగా ఆగినవాణ్ణి నేను చూళ్లేదు. మధ్యలో నోరు విప్పితే పాపం అనిపించింది."

"నా పై ప్రాణాలు పైనే పోతుంటే నీకు గొప్పగా ఉందిరా, గాడిదా?"

"ఎంత బాగుందనుకున్నావ్!"

"ఆ ముక్క అప్పుడే ఏడవచ్చుగా!"

"ఏడవనిచ్చావా? అందరి ముందూ ద్రోహీ అన్నావు. నాకు మాత్రం పౌరుషం ఉండదా?"

దయ్యం పరుగెత్తుకొచ్చి తెర దించాడు. అవతల చప్పట్లు వానలా మొదలయ్యాయి. నమస్కారాల కోసం మళ్లీ తెర లేపాడు. లేచి నిలబడాల్సిన ఇద్దరూ నేలమీదే బాసింపట్లు వేసుకుని, గుండెలనిండా ఎరుపుతో, చేతులు తిప్పుకుంటూ వాదించుకుంటున్నారు. తెర లేచినట్టు వాళ్లకి తెలీదు.

"నా చావు మాటలన్నీ మింగేశావు ఇవాళ!"

"పోన్లే, జనం బతికారు. సాగదీసి సాగదీసి చస్తావు నువ్వు."

"నేను సాగదీస్తానా? నువ్వు పిచ్చివాడి వేషంలో గడ్డం పీక్కునే దాంట్లో సగం చాలు!"

జనం లేచి నిలబడి మరీ కొడుతున్నారు. దయ్యం కంగారుగా పెళ్లాంవైపు తిరిగాడు.

"దించెయ్యనా?"

"ఉండు ఉండు" అంటూ ఆమె అతని చేతిమీద చెయ్యి వేసింది.

"నాకు బండి టైమవుతోంది" అన్నారు చిన్నమామగారు, లేచే ప్రయత్నమేమీ చెయ్యకుండానే.

"పోతే పో. ముందు ఈ సంగతి తేల్చి పో."

"తేల్చేద్దాం. మొట్టమొదట ఎవరు తప్పు చేశారో చెప్పు."

"నువ్వే!"

"నువ్వే!"

ఆ తగువు ఈ జన్మలో తేలేది కాదని కొత్తకోడలికి అర్థమైంది. తెల్లపొడి మొహంలో రెండు చెవులు మాత్రం ఎర్రగా మెరుస్తున్న మొగుడి భుజానికి తల ఆనించి, హాయిగా వినసాగింది.