దానంతటదే పడే తలుపు

“ఈ దేశంలో మగవాళ్ళు ఇంటిపనికి సిగ్గుపడరు. ఆడా మగా తేడా లేదు. మనం నేర్చుకోవాల్సింది ఎంతో ఉంది.” మా ఆయన సోఫాలో కాళ్ళు చాపుకుని, తను రాసింది పైకి చదువుతున్నాడు. నేను ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. “ఎలా ఉంది?” అన్నాడు. బాగుందన్నాను. “అయితే ఓ టీ పెట్టు,” అన్నాడు.

ఆయన ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చాక ఇది రెండో చలికాలం. ఇక్కడి మనుషుల గురించీ వీధుల గురించీ మన పత్రికకి వారం వారం రాస్తాడు. చీకటితో వెళ్ళి చీకటి పడ్డాక వచ్చే మనిషి ఆ వీధుల్ని ఎప్పుడు చూశాడని ఎవరూ అడగరు. చూసేది నేను, వంటింటి కిటికీలోంచి. వడ్డిస్తుంటే “ఇవాళ ఏం చూశావే?” అంటాడు. చెబుతాను. నాలుగు ముద్దలు దిగేలోపు అది ఆయనదైపోతుంది. కళ్ళు నావి, కలం ఆయనది. ఎదురింటి పెద్దాయన బాల్కనీలో భార్య బట్టలు ఆరేస్తున్నాడని చెప్పింది నేనే. ‘ఓ రోజు ఆగి ఆయన్ని పలకరించాను’ అని రాసుకున్నాడు. ఆ భార్య మంచాన పడిందనీ, కొన్నాళ్ళకి ఆ తీగ మీద మగ బట్టలే మిగిలాయనీ కూడా చెప్పాను. “చదివేవాళ్ళకి ఆ ఏడుపెందుకు?” అని వదిలేశాడు. నేను మాత్రం కొన్నాళ్ళు ఆ తీగ వైపు చూడలేకపోయాను.

కిటికీ ఎందుకు, దిగి చూడొచ్చుగా అంటారేమో. ఈ ఇంటి తలుపు మూస్తే చాలు, దానంతటదే తాళం పడుతుంది. గడియ పెడితేనే తలుపు పడుతుందని అలవాటైన ప్రాణం నాది. వచ్చిన కొత్తలో తలుపు దగ్గరగా వేసి చెత్త పారేయడానికి దిగాను. తిరిగొచ్చేసరికి అంతే సంగతులు. నైటీలో, ఇంట్లో వేసుకునే చెప్పులతో, ఆయన వచ్చేదాకా మెట్ల మీదే. దాహం సరే, బాత్రూంకి పోయే దారి లేదు. పై ఇంటివాళ్ళు దాటి వెళ్తుంటే సిగ్గుతో గోడవైపు తిరిగాను. ఆ వారం ఆయన రాసింది అదే, ‘మా ఆవిడ, మాయ తలుపు’ అని. జనం తెగ మెచ్చుకున్నారట. అత్తగారు ఫోన్లో పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, “అదృష్టవంతురాలివమ్మా, దేశాలు చూస్తున్నావు,” అన్నారు. నాకూ ఓ తాళంచెవి ఇమ్మన్నాను. “ఇద్దరికీ ఒకటి చాల్లే. అయినా నువ్వెక్కడికెళ్తావు?” అన్నాడు. ఉన్నది ఒక్కటే కాబోలు అనుకున్నాను. వెళ్ళొద్దని ఏనాడూ అనలేదు మహానుభావుడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

టీ ఇచ్చాను. ఇవాళ కోటు కూడా ఇస్త్రీ చేసేయమన్నాడు. ఆ కోటు జేబులో నేనెప్పుడూ చెయ్యి పెట్టలేదు. గట్టిగా ఏదో తగిలితే తీశాను. తాళాల గుత్తి. ఆఫీసు తాళంచెవి పక్కన ఇంటివి రెండున్నాయి. ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తే పళ్ళతో సహా సరిపోయాయి.

“ఈ రెండోది?” అన్నాను.

ఆయన కాగితం మీంచి తలెత్తలేదు. “అదా, ఇంటి ఓనర్లు మొదట్లోనే ఇచ్చారులే. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని ఉంచా.”

దాచాడని కూడా కాదు. నేను తాళంచెవి అవసరమయ్యే మనిషినని ఆయనకి తట్టనేలేదు. నామీద కక్షతో దాచి ఉంటే ఇంత నొప్పెట్టేది కాదు. ఆ రోజు నేను కూర్చున్న మెట్లు ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

“ఇంతకీ వచ్చే వారానికి ఏదో ఒకటి చెప్పు. ఇవాళ ఏం చూశావు?”

గుత్తిలోంచి ఒకటి ఊడదీశాను. గోరు విరిగింది. మిగతావి కోటు జేబులో వేసేసి, ఇస్త్రీ పెట్టె ఆపాను.

“ఏమీ చూడలేదు. రేపు వీధిలోకెళ్ళి చూస్తాను.”

“భేష్. చూసొచ్చి చెప్పు.”

“చూస్తానన్నాను,” అన్నాను. “చెప్తాననలేదు.”