ఉతకని మూటలు

కిష్టవ్వ తెల్లటి ధోవతిని మూసీలో ముంచి తీస్తే పచ్చగా వచ్చింది. బండ పక్కన మడుగులో చిన్న చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి. ఏరు కదలడం మానేసి చాలా రోజులైంది. ఊరికి పైన, కట్ట దగ్గర కొత్త కాలువ తవ్వి నీళ్లన్నీ కొత్త ఫ్యాక్టరీల వైపు తిప్పేశారు. ఏటికి ఒక్క ధార మిగిల్చినా తమ సొమ్ము పోతుందనుకున్నారు కాబోలు.

ఆ ధోవతిని ఆబిడ్స్‌లో లాడ్జీ యజమాని ఆమె ముఖాన విసిరికొట్టాడు.

"ఏంది గీ కంపు? రేపటి సంది నా గడప తొక్కకు, పో!"

నడిరోడ్డు మీద పదిమందీ చూశారు. ఏటిని చంపినవాణ్ని ఎవరూ ఏమీ అనలేదు. బట్టలుతికిన మనిషి మాత్రం తలవంచుకుని గౌలిగూడ చాకిరేవుకు తిరిగొచ్చింది.

ఆ సాయంత్రమే రేవులో సంఘం కూడింది. సంఘానికి సెక్రటరీ సాయన్న, కిష్టవ్వ మరిది. పెనిమిటి పోయిన నాటికి వాడు పసివాడు. ఆమే చంకనేసుకుని పెంచింది, బడికి పంపింది. రేవు మొత్తానికి చదువుకున్నవాడు వాడొక్కడే. అందుకే వాడి మాటంటే అందరికీ గురి.

"నాంపల్లిల నీళ్ల ఆఫీసుకు పోదాం. ఎండకాలమైనా సరే, కట్ట కింద ఏటికి ఇంత ధార ఇడువాలె అని రూల్ పెట్టిద్దాం" అన్నాడు సాయన్న. రేవంతా చప్పట్లు కొట్టింది.

నాంపల్లిలో ఇంజనీరు జగన్మోహనరావు వాళ్లను నిలబెట్టే మాట్లాడాడు.

"చూడమ్మా, నదిలో ఊరికే పారిపోయే నీళ్లంటే దండగే కదా. ప్రతి చుక్కా పనికి రావాలి."

"ఏరు పారుడు దండగనా సారూ?" అంది కిష్టవ్వ. "గట్లయితే మీ ఒంట్ల నెత్తురు పారుడు గూడ దండగే. చేపలు సచ్చినయి, కప్పలు సచ్చినయి. మేం గూడ సచ్చినంక ఇడుస్తరా?"

వెనక జనం గొల్లున నవ్వారు. ఇంజనీరు చొక్కా సర్దుకున్నాడు. అది కిష్టవ్వ ఉతికిన చొక్కాయే. ఊడిన గుండీని ఆమే నల్లదారంతో కుట్టింది. బయటికి రాగానే ఆమె అంది: "వీళ్ల బట్టలే మనం ఉతుకుతున్నం. బంద్ పెడదాం."

వారం తిరిగేసరికి బంద్ మొదలైంది. అయితే అప్పటికే ఆఫీసర్ల మూటలు, లాడ్జీల మూటలు రేవులో గుట్టపడి ఉన్నాయి. వాటి మీదే వాదం మొదలైంది. సాయం చేయడానికి వచ్చిన బషీర్‌బాగ్ కాలేజీ విద్యార్థిని నళిని తేలిగ్గా అనేసింది:

"ఎట్లున్నయో అట్లనే తిరిగి ఇచ్చెయ్యండి అవ్వా. వాళ్ల కంపు వాళ్ల ఇండ్లల్లనే ఉండనీయండి."

ముసలి రాజమల్లు ఒంటికాలి మీద లేచాడు. "మైల మూట తిరిగిచ్చుడా? మా ఇంట్ల పీనుగు లేసిననాడు గూడ ఉతికే ఇచ్చినం బిడ్డా! మా ఇజ్జత్ ఏం గావాలె?"

కిష్టవ్వా అదే మాట మీద నిలబడింది. రేవుకు వచ్చిన బట్ట ఉతకకుండా వెనక్కి పోవడం తాతల నాడు కూడా లేదు. చేతిపని తప్ప మరే ఆస్తీ లేనివాళ్లకు ఆ కట్టుబాటే పరువు.

"వదినె జెప్పిందే ఖరారు" అన్నాడు సాయన్న. "ఈడుంటే పోలీసులు గుంజుకపోతరు. మూటలన్నీ నా కాడ పెట్టున్రి. గెలిచినంక ఉతుకుదాం."

అందరికంటే ముందు కిష్టవ్వే తన మూట తెచ్చి వాడి చేతిలో పెట్టింది. ఆ వారంలో ఉతుక్కి వచ్చిన ఇంజనీరు చొక్కా కూడా అందులోనే ఉంది.

రేవులో పొయ్యిలు ఆరిపోయాయి. పిల్లలు గంజి కోసం ఏడ్చారు. నాంపల్లిలో మాత్రం ఏ దొరా మాసిన బట్టతో కనబడలేదు. ఆఫీసు ముందు నినాదాలిస్తున్న కిష్టవ్వ పక్కనుంచే ఒక పొద్దున ఇంజనీరు కారు దిగి నడిచాడు. మల్లెపువ్వులాంటి చొక్కా. నల్లదారం గుండీ. ఆమె సాయన్నకు అప్పగించిన మూటలోని చొక్కా అది.

ఆమె పరుగుపరుగున ఆబిడ్స్ వెళ్లింది. సందు మొగలో కొత్త లాండ్రీ. లోపల కుళాయి ధారగా పోస్తోంది. ఇస్త్రీ బల్ల వెనక సాయన్న ఉన్నాడు.

"ఏరు సచ్చింది వదినె. ఇగ లేవదు" అన్నాడు తల ఎత్తకుండా. "ఇంజనీరు సారు నల్లా ఇప్పిచ్చిండు. నీకు గూడ ఈడ ఇస్త్రీ పని ఇస్త. ఫికర్ జెయ్యకు."

"నల్లాకు బదులు ఏమిచ్చినవ్?"

సాయన్న నసిగాడు. "ఏటి నీళ్లు మాకు అక్కెర లేదని... సంఘం తరఫున దస్కత్ పెట్టిన..."

ఆమెకు ముందు కోపం రాలేదు, సిగ్గేసింది. కొంపముంచింది వాడొక్కడే కాదు, తమ కట్టుబాటు కూడా. తాము ప్రాణంగా చూసుకున్న పరువునే పట్టుకుని వాడు తమను అమ్ముకున్నాడు. చంకనెత్తిన చేయి కొట్టడానికి లేవలేదు. మూలనున్న ఉతకని మూటల్లో ఒకటి నెత్తికెత్తుకుని బయటికి నడిచింది.

కాసేపటికి, ఆమె చెప్పిన సంగతి విని రేవులోని ఆడవాళ్లంతా వచ్చి మిగిలినవి ఎత్తుకుపోయారు. సాయన్న అడ్డు రాలేదు.

మర్నాడు గౌలిగూడ నుంచి నాంపల్లి దాకా మూటల ఊరేగింపు. ఆఫీసు కటకటాల మీద మాసిన చొక్కాలు, చెమట బనీన్లు, లాడ్జీ దుప్పట్లు పరిచారు. రాజమల్లు "తాతలారా, తప్పు కాయండ్రి" అంటూనే మూట విప్పాడు. నళిని రెండో అంచు పట్టుకుంది.

"ఎవరివివి?" అని గద్దించాడు ఇన్‌స్పెక్టరు.

"ఏ బట్ట ఎవరిదో తెలిసెటట్టు కాలర్ల మీద మేం పెట్టిన జీడి గుర్తులున్నయి. మీ దొరలనే పిలిచి ఏరుకోమనున్రి" అంది కిష్టవ్వ. "ఏటికి ధార ఇడిసేదాక ఒక్క బట్ట ఉతకం!"

లాఠీలు లేచాయి. జనం చెదిరినట్టే చెదిరి మళ్లీ కూడారు. కిష్టవ్వను జుట్టు పట్టి వ్యానులోకి తోశారు.

చంచల్‌గూడ జైలుకు పోతూ వ్యాను మూసీ వంతెన ఎక్కింది. కింద ఎండిన ఏటి నడుమ రేవు జనమంతా నడుస్తున్నారు. రాజమల్లు ముందున్నాడు. నెత్తిన మూటలు లేవు. బండలు దాటుకుంటూ, ఇసుకలో దిగబడుతూ, పైకి కట్ట వైపు పోతున్నారు.

"యాడికవ్వా పోతున్నరు వాళ్లు?" అన్నాడు కానిస్టేబులు.

"ఏరు యాడ ఆగిందో ఆడికి" అంది కిష్టవ్వ.