తిరగెయ్యని చొక్కా

తెనాలి కాలవగట్టు మీద నాగజ్యోతి ఇస్త్రీ బండి మీద బొగ్గులు పొద్దున ఏడింటికల్లా రాజుకుంటాయి. ఆమె పెట్టె ఆనించగానే, ఆ బట్ట ఒంటిమీదున్నప్పుడు విన్న మాటలు ఆవిరితో పాటు బయటికొస్తాయి. సబ్బుకి మురికి వదులుతుంది గానీ మాట వదలదు. తిరగేసి ఎండేస్తే మాత్రం గాలికి పోతుంది. అందుకే గుట్టున్న కొంపల్లో బట్టలు తిరగేసి ఎండేస్తారు. మిగతావాళ్ళు, "కాస్త చెవులు మూసుకుని చెయ్యి జ్యోతక్కా" అని ఇచ్చిపోతారు.

తిన్న కంచం కడగని ఆమె కొడుకు జశ్వంత్, నెలరోజులుగా తన చొక్కాలు తనే ఉతుక్కుని, తిరగేసి ఎండేసుకుంటున్నాడు. బుద్ధొచ్చిందని సంబరపడే తల్లి కాదు నాగజ్యోతి. ఇంటర్ తప్పిన పద్దెనిమిదేళ్ళవాడికి ఊరికే శుభ్రం పుట్టుకురాదు. కృష్ణచైతన్య పుట్టినరోజు ఫ్లెక్సీలో, అడుగు వరసలో, గోరంత మొహంతో వీణ్ణి చూసినప్పట్నుంచీ ఆమెకి నిద్రలేదు. కృష్ణచైతన్య చేసేది సెటిల్‌మెంట్లు. ఎటెళ్ళినా వెంట పాతికమంది కుర్రాళ్ళు.

ఒకరోజు వాడు తిరగెయ్యడం మర్చిపోయిన చొక్కా ఆమె చేతికి దొరికింది. ఏం బూతులుంటాయో, ఏం కత్తులుంటాయో అనుకుంటూ పెట్టె ఆనించింది.

"తిన్నావా తమ్ముడూ? నువ్వు మావాడివిరా. ఎవడేమన్నా నాతో చెప్పు" అంది చొక్కా, కృష్ణచైతన్య గొంతుతో.

ఈ ఏడాదంతా నాగజ్యోతి కొడుకుతో ఆడినవి తిట్లే. అయినా ఊరందరి దగ్గరా దండుకునేవాడికి వీడి తిండి సంగతి ఎందుకు? ఆమె అనుమానం ఇంకాస్త ముదిరింది.

శుక్రవారం మధ్యాహ్నం జశ్వంత్ ఒక తెల్లచొక్కా పట్టుకొచ్చాడు.

"కృష్ణచైతన్య అన్నదమ్మా. సాయంత్రం అందరం రేపల్లె వెళ్తన్నాం. తొందరగా చెయ్యి."

"ఎవరుతికారు?"

"నేనే. ఫ్యాన్ కింద ఆరేశా."

తిరగెయ్యలేదు. అన్న చొక్కాలో దాచుకోవాల్సిందేం ఉంటుందిలే అనుకున్నాడు, పిచ్చి సన్నాసి.

"నాకు చెయ్యి లాగుతోంది. నువ్వే చేసుకో" అంది నాగజ్యోతి.

జశ్వంత్ కాలర్ మీద పెట్టె ఆనించగానే కృష్ణచైతన్య గొంతు లేచింది. "రేపల్లెలో కొట్టేది మనోళ్ళు. కేసు జశ్వంత్‌గాడు నెత్తినేసుకుంటాడు. నాలుగు మంచిమాటలకి ప్రాణమిచ్చే రకం. వాడి వెనకాల ఎవరున్నార్రా, ఇస్త్రీ ఆవిడేగా!" వెనకే చొక్కాలోంచి ఇంకెవరిదో నవ్వు.

నాగజ్యోతి అనుమానం నిజమైంది. అయినా కొడుకు మొహం చూసేసరికి ఆమెకి ఏడుపొచ్చింది.

"అన్న అట్టా అనడమ్మా" అన్నాడు జశ్వంత్. "ముందో వెనకో ఇంకేదో అనుంటాడు."

చేతుల మీద రుద్దాడు. జేబు మీద రుద్దాడు. ఎక్కడ రుద్దినా అవే మాటలు, అదే నవ్వు. తన గురించి ఒక్క మంచిమాటన్నా దొరుకుతుందేమోనని మళ్ళీ కాలర్ దగ్గర్నుంచి మొదలెట్టాడు. నాగజ్యోతి పెట్టెలో బొగ్గులు వేస్తూ వచ్చింది.

ఐదింటికి వాడి ఫోను మోగి మోగి ఆగిపోయింది. కృష్ణచైతన్య కార్లు రేపల్లె వైపు వెళ్ళిపోయాయి. చొక్కా పల్చబడి కింద పరిచిన దుప్పటి పూలు కనిపిస్తున్నా, వాడు ఇంకా రుద్దుతూనే ఉన్నాడు.