ఆపడానికి చేతులు ఖాళీ లేవు

సామ్రాజ్యం మొగుణ్ని, చంటిబిడ్డను వదిలేసి కావలికి పారిపోయిందట. కోవూరులో ఉండే మగ్దలీనమ్మ చెల్లెలు ఫోన్ చేసి చెప్పిందట. ఆ చెల్లెలికి పక్కింటామె తన ఫోన్లో వినిపించిందట. మగ్దలీనమ్మకు ఆ మాట కడుపులో ఇమడలేదు. శనివారం పొద్దున్నే నీళ్ల ట్యాంకు దగ్గర బిందె కింద పెట్టీ పెట్టకముందే నలుగురి ముందూ కక్కేసింది.

"ఎప్పుడు పోయిందిమే? ఇప్పుడే గదా వాకిట్లో మనవడి గుడ్డలు ఆరేస్తుండె!"

"ఇప్పుడు గాదు. ఇరవై మూడేళ్ల కిందట."

అందరూ పగలబడి నవ్వారు. "పోయిన ఇరవై మూడేళ్లకు పుకారు పుట్టడం ఈడే చూసినాం," అంది ఒకామె.

మగ్దలీనమ్మ మాత్రం నవ్వలేదు. "పేరు మార్చి చెప్పినారంట. కానీ బిడ్డ కమ్మ పట్టి లాగితే చెవి తమ్మె తెగిన మనిషి అన్నారంట. రొయ్యల షెడ్డులో పని అన్నారంట. మనూళ్లో అట్టాంటి మనిషి ఎవరో మీరే చెప్పండి."

నవ్వు ఆగిపోయింది. మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. సామ్రాజ్యానికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆమె అప్పటికే షెడ్డుకు పోయి ఉంది.

షెడ్డులో ఆమె పని రొయ్యల తలలు తీయడం. చేతులకు రబ్బరు తొడుగులు, ముందు ఐసు నీళ్ల తొట్టి, జుట్టును చెవులతో సహా కప్పేసే టోపీ. మోచేతుల దాకా జిగురు. ఫోను ప్లాస్టిక్ కవర్లో చుట్టి నడుముకు కట్టుకుంటుంది. ఒక చెవిలో ఇయర్‌ఫోను.

ఆ అలవాటు నేర్పింది షారన్. సంఘపెద్ద, రిటైరైన హెడ్మాస్టరు బెన్హర్ సారు కూతురు. నెల్లూరులో పెద్ద చదువు చదివి వచ్చింది. ఆరు నెలల కిందట సామ్రాజ్యం ఫోన్లో ఒక యాప్ వేసి, "పాడ్‌కాస్టులు, ఆడియో పుస్తకాలు, అన్నీ ఉచితం ఆంటీ. చేతులతో పనేముంది, చెవులుంటే చాలు," అంది.

నిజంగానే చేతులతో పని లేదు. జిగురు చేతులతో ఫోన్ నొక్కడం కుదరదు కాబట్టి, ఏది కావాలో ఏరుకునే వీలూ లేదు. ఒకటి అయిపోతే ఇంకోటి దానంతటదే మొదలయ్యేది. ఏది వస్తే అది వినేది. సముద్రం ఎందుకు ఉప్పగా ఉందో, ఆ సముద్రం పక్కనే పుట్టి పెరిగిన ఆమెకు నలభై ఐదో ఏట తెలిసింది. అంతరిక్షంలోకి పోయినవాళ్లు గోడకు కట్టేసుకొని నిద్రపోతారని తెలిసింది. థైరాయిడ్ గురించి ఒక డాక్టరమ్మ చెప్పింది. పాతకాలం నవల ఒకటి ఎవరో ముసలాయన అధ్యాయానికొకసారి గొంతు సవరించుకుంటూ చదివితే, అది అయిపోయేనాటికి ఆయన దగ్గు కూడా చుట్టమైపోయింది.

"ఆక్టోపస్‌కు మూడు గుండెకాయలంటమే," అని పక్కనున్నవాళ్లకు చెబితే, "మా ఆయనకు ఒకటుంటే చాలు, అదీ లేదు," అని బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు.

తొమ్మిదో తరగతిలో మాన్పించిన మనిషి ఆమె. ఇంత మంది, ముక్కూ మొహం తెలియనివాళ్లు, పైసా అడగకుండా తనకు ఇన్ని చెబుతున్నారు. ఆ రుణం ఎలా తీరుతుందా అనుకునేది. అందుకే షారన్ వచ్చి, "ఊరి ఆడవాళ్ల జీవితాలు రాసుకుంటుండా ఆంటీ, మీదీ చెప్పండి, మన మధ్యే ఉంటుంది," అన్నప్పుడు కాదనలేకపోయింది. ఎవరికీ చెప్పనిది చెప్పింది.

అబిగయీలుకు అప్పుడు ఏడు నెలలు. మొగుడు హెబ్రోను వేటకు పడవెక్కితే వారాల తరబడి రాడు. బిడ్డ ఏడుపు ఆగదు, తనకు నిద్ర లేదు. ఒకనాడు కాలవ గట్టు మీద బిడ్డను ఎత్తుకొని నిలబడితే సామ్రాజ్యానికి తన చేతులంటే తనకే భయం వేసింది. పరుగున వచ్చి బిడ్డను అత్త ఒళ్లో పడేసి కావలి బస్సెక్కింది. రెండు దినాలు రైల్వేస్టేషన్లో కూర్చుంది. ఏ రైలూ ఎక్కలేదు. పాలు చేపుకొచ్చి రొమ్ములు రాళ్లయిపోతే స్టేషన్ మరుగుదొడ్లో గోడకేసి పిండుకుంటూ ఏడ్చింది. మూడోనాడు తిరిగొచ్చింది. అత్త ఒక్క మాట అడగలేదు. బిడ్డను ఒళ్లో పెట్టి, ఊళ్లోవాళ్లకు మాత్రం "వాళ్లమ్మకు జొరమంటే పోయింది" అని చెప్పింది. వేలిముద్ర వేసే ఆ ముసలామె నోరు విప్పకుండానే మట్టిలోకి పోయింది.

శనివారం షెడ్డుకు రెండు లారీల సరుకొచ్చింది. తల ఎత్తే సందు లేదు. చెవిలో తేనెటీగల పెంపకం గురించి చెప్పడం అయిపోయింది. తర్వాత వయొలిన్ మోగింది. ఆ వెంటనే షారన్ గొంతు:

"పంజరం తెంచుకొని ఎగిరిపోయిన ఒక పక్షి కథ ఈరోజు విందాం. ఆమెను లత అని పిలుద్దాం."

లత అన్నది తనేనని గ్రహించడానికి సామ్రాజ్యానికి ఐదు నిమిషాలు పట్టింది. చెవి తమ్మె దగ్గర తెలిసిపోయింది. ఆపుదామంటే చేతుల నిండా జిగురు, ముందు గుట్టగా సరుకు, వెనక సూపర్‌వైజరు. తలను భుజానికేసి రుద్దింది. టోపీ కింద ఇరుక్కున్న ఇయర్‌ఫోను ఊడిరాలేదు. కాలవ గట్టు వచ్చింది. స్టేషన్ మరుగుదొడ్డి వచ్చింది. అక్కడ వయొలిన్ ఇంకాస్త పెద్దగా మోగింది. సామ్రాజ్యం రొయ్య తలతోపాటు సగం ఒళ్లు కూడా తుంచి పారేస్తోంది. సూపర్‌వైజరు కేకలేశాడు. ఆమెకు ఆ కేకలు వినపడలేదు. ఇరవై రెండు నిమిషాలు, చివరి దాకా విన్నది.

పని దిగి ఇంటికొచ్చేసరికి అబిగయీలు మంచం మీద కూర్చొని ఉంది. కాన్పుకు వచ్చిన పిల్ల. కొడుక్కు రెండో నెల. పక్కన ఫోను.

సామ్రాజ్యం సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కొని వచ్చి, రోజూలాగే మనవడి కోసం చేతులు చాచింది.

"వద్దులేమ్మా. నిద్రపోతుండాడు."

వాడు కళ్లు ఇంతింత చేసుకొని అమ్మమ్మనే చూస్తున్నాడు.

"విన్నావా?" అంది సామ్రాజ్యం.

అబిగయీలు తల వంచుకొని బిడ్డను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "రేపు ఆయన్ను రమ్మన్నా. సంగంలో మా అత్తోళ్లింటికి పోతుండా." మంచం కింద బ్యాగు సర్ది ఉంది.

సామ్రాజ్యం చీర కూడా మార్చుకోలేదు. రొయ్యల నీచు కంపుతోనే బెన్హర్ సారు ఇంటికి నడిచింది. సారు వరండాలో కుర్చీలో ఉన్నాడు. వందనాలు చెప్పకుండా మెట్టెక్కడం అదే మొదటిసారి.

"షారన్! బయటికి రామే!"

షారన్ నవ్వుతూనే వచ్చింది. "విన్నారా ఆంటీ? మీకే ముందు చెబుదామనుకున్నా..."

"నేను పక్షినా?"

"అంటే... అది ఒక వర్ణన..."

"స్టేషన్ దొడ్లో పాలు పిండుకొని ఏడ్చినా. ఏ పక్షి పిండుకుంటుంది పాలు? మన మధ్యే అన్నావు గదా. ఊరంతా నీకూ నాకూ మధ్యే ఉండాదా?"

"పేరు మార్చినా గదా ఆంటీ!"

"పేరు మార్చినావు. చెవి మార్చినావా?"

బెన్హర్ సారు గొంతు సవరించుకున్నాడు. "సామ్రాజ్యం, నిదానించు. మందిరంలో మనం సాక్ష్యం చెప్పుకోవడం లేదా? నీ సాక్ష్యం పదిమందికి ఆదరణ అయిందనుకో."

"సాక్ష్యం చెప్పేటోళ్లు లేచి నిలబడి వాళ్ల నోటితో చెప్తారు సారూ. ఒకరిది ఇంకొకరు పోయి చెప్తే దాన్ని కొండెం అంటారు. మీరే గదా బోధించినారు."

సారు కుర్చీలో సర్దుకున్నాడు.

షారన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాలుగువేల మంది విన్నారు ఆంటీ. ఒకామె తనకూ అట్టాగే అవుతుందని, ఇది విని డాక్టరు దగ్గరికి పోయినానని రాసింది."

సామ్రాజ్యం గొంతు కాస్త తగ్గింది. "ఆ తల్లి బాగుండాల. నువ్వొచ్చి అట్టా అడిగుంటే, ఆమె కోసరం నేనే చెప్పుందునేమో. అడిగినావా?"

"మీరు ఆరు నెల్లుగా వింటుండేవన్నీ ఎవరెవరి కతలో గదా? అవి ఉచితంగా విన్నప్పుడు బాగుండాయి గదా?" షారన్ గొంతులో ఇప్పుడు కోపం ఉంది.

"బాగుండాయి. వాళ్లవి వాళ్లు చెప్పుకున్నారు. నాది నువ్వు చెప్పినావు. నా కూతురికి నేను చెప్పుకోవాల్సిన మాట, నాకంటే ముందు నువ్వు చెప్పినావు, వయొలిన్ పెట్టి!"

గేటు దగ్గర మగ్దలీనమ్మతోపాటు ఇంకో నలుగురు చేరారు. వాళ్లను చూసి బెన్హర్ సారు లేచి నిలబడ్డాడు. "తీసేయమ్మా. ఇప్పుడే తీసేయ్."

షారన్ ఫోను తీసి, ముక్కు తుడుచుకుంటూ రెండు మూడుసార్లు నొక్కింది. తెర ఆమె వైపు తిప్పి చూపింది. "తీసేసినా ఆంటీ. ఇంక యాడా లేదు. అయిపోయింది."

సామ్రాజ్యం తెర వైపు చూడలేదు.

"మా ఇంటికి రా. అబిగయీలు చెవుల్లోంచి గూడా తీసేసి, ఆ బిడ్డను నా చేతికిప్పించు. అప్పుడు చెప్పు, అయిపోయిందని."