ఎక్కడ పెట్టావో గుర్తు తెచ్చుకో

"ఏదో ఒకటి మర్చిపోయి ఉంటావులే," అన్నాడు మొగుడు. కోపంగా కాదు, విసుక్కుంటూ కూడా కాదు. వేడి టీ కప్పు ఆమె చేతికందిస్తూ, నవ్వుతూ అన్నాడు. "నెమ్మదిగా ఆలోచించు. ఏది ఎక్కడ పెట్టావో గుర్తు తెచ్చుకో."

బల్ల మీద కొత్త కంప్యూటరు పక్క తలుపు ఊడదీసి, పేగులు బయటపెట్టుకుని కూర్చుంది. మీట నొక్కితే లోపల ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి, మూలనున్న చిన్న దీపం వెలుగుతోంది. తెర మాత్రం సిగ్నల్ లేదని ఒక్క ముక్క చెప్పి నల్లగా అయిపోతోంది. ఆదివారం బిగించింది మొదలు ఇదే తంతు.

పాప కడుపులో పడేదాకా ఆమె ఒక ఇంజినీరు ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీసేది. అక్కడ ఆమెకి పై మెట్టులో ఉండే మేడమ్ ఈమధ్య సొంతంగా ఆఫీసు పెట్టుకుంది. "ఇంట్లో కూర్చునే గీసివ్వు. ముందు ఒక్క ఇల్లు ఇస్తాను, సోమవారానికి గీసి చూపించు. చెయ్యి ఇంకా తిరుగుతోందో లేదో చూస్తాను," అంది. ఇంట్లో ఉన్న లాప్‌టాప్‌కి ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ పేరు చెబితేనే ఆయాసం వస్తుంది. అందుకని వంటింట్లో ఉప్పు డబ్బాకి ఫోను ఆనించి, కూరలు తరుగుతూ, అంట్లు తోముతూ, కంప్యూటర్ బిగించే వీడియోలన్నీ చూసింది. ఏ మదర్‌బోర్డుకి ఏ ప్రాసెసర్ నప్పుతుందో బట్టీ పట్టింది. కొట్టువాళ్లు బిగించిస్తామన్నా వద్దంది. ఆఫీసు మానేశాక తన చేత్తో తయారైన వస్తువు ఇన్నేళ్లూ ఏ పూటకాపూట తినేయడమో, ఉతికితే మళ్లీ మాసిపోవడమో తప్ప నిలబడిందంటూ ఒకటి లేదు. ఇదొక్కటైనా నిలబడాలని ఆశ.

నిలబడలేదు. పాపని బడికి పంపి, అత్తగారి మోకాళ్లకి కాపడం పెట్టి, బట్టలారేసి, ఆ సందుల్లో వచ్చి ఒక్కో తీగా పీకి చూసింది. తెర తీగ మార్చింది. ప్రాసెసర్‌కి విడిగా వెళ్లే కరెంటు తీగ ఊడదీసి మళ్లీ గుచ్చింది. ఉన్న ఒక్క ర్యామ్ ముక్కనీ తీసి, పక్క అరలో పెట్టి, టక్కుమనేదాకా నొక్కింది. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే మొగుడు కాళ్లు కడుక్కుని పక్కనే కుర్చీ వేసుకునేవాడు. ఫోను టార్చి పట్టుకుని ఆమె చెయ్యి ఎటు వెళ్తే అటు వెలుతురు తిప్పేవాడు. "అయ్యో, నా మాలోకమా" అని ముద్దుగా జడ లాగేవాడు. 'మాలోకం' ఆమెకి ఆ ఇంట్లో స్థిరపడిపోయిన పేరు. అత్తగారూ అదే, చుట్టాలూ అదే. పన్నెండేళ్ల పాప కూడా స్నేహితులకి "మా అమ్మ ఒట్టి మాలోకంలే" అని చెప్పుకుంటుంది. "ఇంత ఓపికున్న మొగుడు ఎంతమందికి దొరుకుతాడమ్మాయ్," అనేది అత్తగారు లోపలినుంచి. నిజమే కదా అనుకునేది ఆమె కూడా, సిగ్గుపడుతూ.

శుక్రవారం మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుంటే మళ్లీ దాని ముందు కూర్చుంది. ర్యామ్ ముక్కకి ఉండే బంగారు రంగు పళ్లని పెన్సిలు తుడిచే రబ్బరుతో రుద్దమని వీడియోలో ఒకమ్మాయి చెప్పింది. ఆ మాట ఆమె మంగళవారమే అంటే మొగుడు కంగారుగా వారించాడు. "ఆ పని మాత్రం చెయ్యకు. పూత లేచిపోతే ఇక పనికిరాదు." ఆమె మానేసింది. ఈరోజు మాత్రం, చచ్చినదాన్ని కొత్తగా చంపేదేముందిలే అనుకుని పాప డబ్బాలోంచి రబ్బరు తీసి రుద్దింది.

అంచు దగ్గర ఏదో లేచింది. పూత లేచిపోయిందనుకుంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి గోటితో గీకితే, సన్నటి పొరొకటి పొడుగ్గా ఊడి వేలికి అతుక్కుంది. పూత కాదు. టేపు. పుస్తకాలు చిరిగితే అతికించే పారదర్శకమైన టేపు. ముక్కని తిప్పి చూసింది. అటువైపు కూడా ఉంది. పళ్ల వరస ఎంత పొడుగుందో అంతే పొడుగు, ఎంత వెడల్పుందో అంతే వెడల్పు. కత్తెరతో వంకర లేకుండా, ఎంతో ఓపిగ్గా కత్తిరించిన పని.

పాకింగు తాలూకు టేపేమో, తీయడం తనే మర్చిపోయిందేమో అన్నది ఆమెకి వచ్చిన మొదటి ఆలోచన. కొట్టుకి ఫోను చేసింది.

"ర్యామ్ మీద టేపా?" అన్నాడు కొట్టతను. "అలా ఎవరూ వెయ్యరమ్మా. అసలా పళ్లు తగలకపోతే అది పనెలా చేస్తుంది? డబ్బా సీలు ఎవరు చించారు?"

"నేనే. అప్పుడు టేపు లేదు. పళ్లు మెరుస్తుంటే చూసి ముచ్చటపడ్డాను కూడా."

"అయితే మీ ఇంట్లోవాళ్లే ఎవరో వేసుంటారు. పిల్లలేమో చూడండి," అని నవ్వి పెట్టేశాడు.

సీలు చించింది శనివారం సాయంత్రం. బిగించింది ఆదివారం పొద్దున. ఆ రాత్రి పాప ఇంట్లో లేదు, స్నేహితురాలింట్లో పడుకుంది. అత్తగారికి కంప్యూటరుకి తలేదో తోకేదో తెలీదు. ఇంకెవరున్నారని లెక్కపెట్టబోయి ఆగిపోయింది. ముక్కని అరలో పెట్టి మీట నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి, తెర తెల్లగా వెలిగింది, అక్షరాలు బిలబిలమంటూ వచ్చాయి. అది వెలిగిన రోజు గంతులేస్తానేమో అనుకుంది. ఆ వెలుతురు మొహమ్మీద పడగానే నేల మీద కూర్చుండిపోయింది.

మంగళవారం టార్చి పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది. సరిగ్గా ఈ ముక్క మీదే వెలుగు పెట్టి, "ఇది గట్టిగానే నొక్కావా?" అని అడిగిన గొంతు గుర్తొచ్చింది. ఏడుపొచ్చి ఆమె తల వాల్చిన భుజం, వీపు మీద జోకొట్టిన అరచెయ్యి, అన్నీ ఒకదాని వెనకొకటి వచ్చాయి. వాటి వెనకాలే ఇంకొన్ని, ఎవరూ పిలవకుండానే. పాప బడిలో చేరిన ఏడు ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచారు. తెల్లారి లేస్తే సర్టిఫికెట్ల ఫైలు లేదు. మొగుడు సెలవు పెట్టి మరీ ఇల్లంతా వెతికాడు. రెండ్రోజుల తర్వాత "ఇదిగో, నీ బట్టల కిందే ఉంది" అని తీసిచ్చాడు. ఆ రాత్రి ఆయన్ని పట్టుకుని, "మీరు లేకపోతే నేనేమైపోయేదాన్ని" అని ఏడ్చింది ఆమే. స్కూటరు నేర్చుకుని ఒక్కతే బయటికెళ్లడం మొదలుపెట్టిన వారంలో తాళం చెవి పోయింది. అది సబ్బు డబ్బాలో దొరికింది. అక్కడ పెట్టినట్టు ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు, కానీ గుర్తు రాకపోవడమే కదా మాలోకమంటే అని నమ్మేసింది. తలనరాల డాక్టరుకి చూపించుకోవాలా అని తల్లిని అడిగింది కూడా. ఇవి ఆయన చేశాడో లేదో ఆమెకి తెలీదు. నిజంగా మర్చిపోయినవేవో, మర్చిపోయాననుకున్నవేవో, ఇంతకాలం తనలో తను ఎవరో, ఇక తేల్చుకోవడానికి లేదు. తన బుర్రే తనకి అబద్ధపు సాక్ష్యం చెప్పిందా, లేక నిజమే చెబుతుంటే తనే దాని నోరు నొక్కిందా?

లేచి మొహం కడుక్కుంది. కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ ఎక్కించడం మొదలుపెట్టి, సోమవారానికి ఇస్తానని మేడమ్‌కి కబురు పంపింది. చేతులు వాటంతటవే ఆ పనులు చేశాయి.

సాయంత్రం మొగుడొచ్చేసరికి తెర వెలుగుతోంది. ఆమె ఆయన మొహాన్నే చూస్తూ నిలబడింది. అక్కడ ఆశ్చర్యం లేదు. ఆట మధ్యలో దొరికిపోయిన పిల్లాడి మొహం.

"కనిపెట్టేశావే!" అన్నాడు.

ఏదో ఒకటి బుకాయిస్తాడని, తను ఎదురు ప్రశ్నలు వేయాల్సి వస్తుందని మధ్యాహ్నమంతా మాటలు కూడబెట్టుకుంది. అవేవీ అక్కర్లేకపోయాయి.

"అలా చూస్తావేంటి? సరదాకోయ్. రేపు శనివారం కదా, నేనే కూర్చుని చిటికెలో బాగుచేసేసేవాణ్ణి. నువ్వెంత మురిసిపోయేదానివో!"

"ఇన్నాళ్లూ పక్కనే కూర్చున్నారు. నేను ఏడుస్తుంటే కూర్చున్నారు."

"పక్కన కూర్చోవడం కూడా తప్పేనా?" నిజంగానే నొచ్చుకున్నాడు. "అన్నీ నువ్వే కొనుక్కున్నావు, నువ్వే బిగించుకున్నావు. ఇంట్లో మొగుడనేవాడు ఒకడున్నాడని ఒక్క మాటైనా అడిగావా? అడుగుతావేమోనని చూశాను. అంతే."

"ఆ ఇంటర్వ్యూ రోజు ఫైలు?"

ఆయన నవ్వాడు. కానీ ఆ నవ్వు రావాల్సిన దానికంటే కొంచెం ఆలస్యంగా వచ్చింది. "బాగుంది వరస. ఇక ఊళ్లో పోయిన ప్రతిదీ నా మీదకి తోసెయ్. నీ మతిమరుపు నాకు తెలీదా?"

సోఫాలో కూర్చున్న అత్తగారు కిసుక్కున నవ్వింది. "వాడికది చిన్నప్పట్నుంచీ ఉన్నదే అమ్మాయ్. దాచేవాడు, మనం ఊరూవాడా ఏకం చేశాక తీసుకొచ్చిచ్చేవాడు. మెచ్చుకోవాలి, అదీ వాడి సరదా. వాళ్లక్క లెక్కల పరీక్ష రోజున దాని కళ్లజోడు దాచేశాడు వెధవ! పాపం అది కళ్లు చికిలించుకుని వెళ్లి ఏం రాసిందో ఏమో. సాయంత్రం మంచం కింద దొరికిందని తెచ్చిస్తే మీ మామగారు వీణ్ణి భుజానికెత్తుకున్నారు."

"అమ్మా, ఆ పాత గొడవలన్నీ ఇప్పుడెందుకు," అన్నాడు మొగుడు, నవ్వాపుకుంటూ.

ఆమెకి నవ్వు రాలేదు. ఆ పరీక్ష తప్పడంతోనే వదిన చదువు ఆగిపోయిందని ఆమెకి తెలుసు. "కళ్లజోడే చూసుకోలేనిది చదివేం ఉద్ధరిస్తుంది" అని మామగారు మాన్పించేశారని వదినే నవ్వుతూ చెప్పింది ఒకసారి. యాభై దాటిన ఆ మనిషి ఇప్పటికీ కళ్లజోడుకి తాడు కట్టి మెడలో వేసుకుంటుంది. వీధి తలుపుకి తాళం వేసి లాగి చూసి, సందు చివరిదాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చి లాగి చూస్తుంది. కూతురు బండి నడపడం నేర్పిస్తానంటే, "నాకొద్దే తల్లీ, నా చేతిలో పడ్డది ఏది నిలిచింది గనక" అంటుంది.

ఆమె గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. ఫోను చేతిలో పట్టుకుని చాలాసేపు మంచం అంచున కూర్చుంది. చెప్పడం వల్ల ఏమొస్తుంది? ఆ పరీక్ష తిరిగి రాదు. ఎప్పుడో ఆరిన పుండుని గోకడం, తోడబుట్టినవాణ్ణి దూరం చేయడం తప్ప. చెప్పకపోతే మాత్రం? బయట హాల్లో వాళ్లిద్దరికీ తెలిసి నవ్వుకుంటున్న సంగతి, అది ఎవరి బతుకుకి సంబంధించిందో ఆ ఒక్క మనిషికే తెలీకుండా ఉండాలి. టేపు ఎక్కడుందో తెలిసి టార్చి పట్టుకోవడం కంటే అది ఏ మాత్రం వేరు? నంబరు నొక్కింది.

"వదినా, మీకొక మాట చెప్పాలి. మీ కళ్లజోడు మీరు పోగొట్టుకోలేదు," అని మొదలుపెట్టి, కంప్యూటరు సంగతీ, అత్తగారు అన్నదీ, ఒక్క మాట కలపకుండా, ఒక్కటి తీసెయ్యకుండా చెప్పింది.

 

"అమ్మ అక్కడే ఉందా?" అంది వదిన. ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు.

"హాల్లో ఉన్నారు."

"స్పీకర్ పెట్టి అమ్మ ముందు పెట్టు."

ఆమె గడియ తీసి హాల్లోకి నడిచింది. "ఎవరు?" అని మొగుడు తలెత్తాడు. ఆమె స్పీకర్ నొక్కి తల్లీకొడుకుల మధ్యనున్న బల్ల మీద ఫోను పెట్టింది.

"అమ్మా," అంది వదిన గొంతు. "'ఆ కళ్లజోడు పోగొట్టుకుని నిన్ను తలదించుకునేలా చేశాను, క్షమించు నాన్నా' అని నాన్న పోయే ముందు ఆయన కాళ్లు పట్టుకుని అడిగాను. అప్పుడు నువ్వు నా పక్కనే నిలబడి ఉన్నావమ్మా."